దేనిలాంటి మోత

మా షాపుకి ఫోన్ చేసేవాళ్ళెవరూ తమ వాషింగ్ మెషీన్‌లో బేరింగ్ పోయిందని చెప్పరు. చెప్పగలిగితే ఇక మా అవసరమేముంది? "అమ్మా, మెషీను విమానం లేస్తున్నట్టు మోగుతోంది" అంటారు. నేను కాగితం ముక్క మీద బేరింగ్ అని రాసి మా ఆయన చేతికిస్తాను. "ఫ్రిజ్జు ఎవరో నాలుక చప్పరించినట్టు టక్కుమంటుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ టక్కుమంటుంది" అంటే కంప్రెసర్ లేవలేకపోతోందన్నమాట. ఫ్యాను అలిగిన అల్లుడిలా మూలుగుతూ కదలకుండా కూర్చుంటే కెపాసిటర్. ఆయన దానికి కావలసిన సామాను మాత్రమే సంచీలో వేసుకుని స్కూటరెక్కుతాడు. తప్పు సామానుతో వెళ్ళి వెనక్కి తిరిగొచ్చిన రోజులు మాకు బాగా తక్కువ.

ఇది చెప్పుకున్నంత తేలిక కాదు. మనుషులు దేన్ని దేనితో పోలుస్తారన్నది వాళ్ళ ఇంటిని బట్టి ఉంటుంది. చంటిపిల్లలున్న ఇల్లాలు మోటారు ఏడుస్తోందంటుంది. అదే మోటారు గదిలో ఒంటరిగా ఉండే కుర్రాడికి ఈల వేస్తుంది. కొత్తగా రిటైరైన పెద్దమనిషైతే "మా పై ఆఫీసరు గొణుగుడులా ఉందమ్మా" అంటాడు. నేను ముందు మనిషిని పట్టుకోవాలి, ఆ తర్వాతే మోతని. అందరికంటే కష్టం "ఏదోలా ఉందండీ" అనేవాళ్ళతోనే. ఏదోలా అంటే ఎలా, దేనిలా అని వాళ్ళని నేను వదలను. అప్పుడు నా గొంతు గద్దిస్తున్నట్టే ఉంటుందట. ఉంటే ఉండనీ. బళ్ళో పోలిక అంటే అలంకారమని చెప్పారు. నా లెక్కన అది పానా. సరైన సైజుదైతే పని జరుగుతుంది, కాకపోతే నట్టు అరిగిపోతుంది.

వీధిలో మా ఆయన్ని చెవి డాక్టరంటారు. ఎంత పెద్ద మెషీనైనా ఆయన చూడగానే విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటాడు. ఇంట్లోవాళ్ళు ఊపిరి బిగపట్టి నిలబడతారు. నేను కాగితం మీద రాసింది నిజమో కాదో అప్పుడు తేలుతుంది. నిజమైతే సాయంత్రం వచ్చి "గెలిచావు" అంటాడు. కాకపోతే ఏమీ అనడు, టీ మాత్రం తనే పెడతాడు.

అలాంటి మనిషి ఓ రోజు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి "మన ఫ్రిజ్జు ఏదోలా ఉంది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఏదోలా అంటే? నాతోనా ఆ మాట?"

"సన్నగా కూస్తోంది. నీకు వినపడట్లేదా?"

నాకు పాలు కాగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆయన ఫ్రిజ్జు ప్లగ్గు పీకాడు. తల పక్కకి వంచి విన్నాడు. ఇంకా వస్తోందన్నాడు. గోడ గడియారం దించి బ్యాటరీ తీసేశాడు. ట్యూబులైటు ఆర్పాడు, ఫోను చార్జరు పీకాడు, చివరికి మెయిన్ కూడా దించేశాడు. ఆ హడావుడిలో ఫ్రిజ్జు ప్లగ్గు మళ్ళీ పెట్టడం ఇద్దరం మర్చిపోయాం, సాయంత్రానికి లోపల పెట్టిన పాలు విరిగి కూర్చున్నాయి. ఆయన దృష్టి అప్పటికే పైకప్పు మీద పడింది.

పై వాటాలో ఓ టీచరమ్మ ఉంటుంది. ఆవిడ ఫ్యాను నిక్షేపంలా తిరుగుతోంది. ఆ సంగతి ఆవిడే చెప్పింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ" అని నవ్వింది కూడా. మా ఆయన వింటేగా. స్టూలెక్కి, ఫ్యాను విప్పి, గ్రీజు పెట్టి, బిగించి దిగాడు. దిగాక చూసుకుంటే అరచేతిలో ఓ స్క్రూ మిగిలింది. అప్పట్నించీ ఆ ఫ్యాను తల ఊపుతూ తిరుగుతోంది. మెట్ల మీద టీచరమ్మ ఎదురైతే నేను నా చెప్పులు చూసుకుంటూ నడిచేదాన్ని.

"మీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇంకెవరో అద్దెకి దిగినట్టున్నారే" అన్నాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

"అద్దె కూడా ఇవ్వట్లేదు" అన్నాడు. అప్పటికి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత కొద్దిరోజులకి మిట్టమధ్యాహ్నం వీధి మొత్తానికి కరెంటు పోయింది. ఇద్దరం షాపులోనే ఉన్నాం. పక్కనున్న పిండిమర ఆగిపోయింది. ఎదురుగా జిరాక్స్ మెషీను ఆగిపోయింది. మా బల్ల మీద తిరుగుతున్న మోటారు నెమ్మదించి నెమ్మదించి నిలిచిపోయింది. పొద్దున్నించి ఆ మోతల మధ్య కూర్చున్న నాకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఆ మాటే అందామని ఆయన వైపు తిరిగాను. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ గాల్లోనే ఉండిపోయింది.

"ఇప్పుడూ వస్తోంది" అన్నాడు.

"కరెంటు లేదు కదండీ."

"అదే నేనూ చెప్తున్నాను."

అరచేతులతో రెండు చెవులూ మూసుకున్నాడు. తీశాడు. మళ్ళీ మూసుకున్నాడు. "మూసుకుంటే పెరుగుతోందే" అన్నాడు నెమ్మదిగా. నాకు భయమేసింది. వీధిలో ఒక్క మెషీనూ తిరగడం లేదు. ఆయన విప్పి చూడటానికి ఇంక ఏమీ మిగల్లేదు.

అసలు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన్ని ఓ గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, బొత్తాం నొక్కమంటూ చాలాసేపు పరీక్ష చేశారు. తర్వాత డాక్టరు గారు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మంచివాడే, తొందరపెట్టే రకం కాదు.

"ఆ శబ్దం ఎలా ఉంటుందో చెప్పండి" అన్నాడు.

"సన్నగా ఉంటుందండి."

"సన్నగా అంటే? దేనిలా? కీచురాయిలానా, ఈలలానా, కుళాయి కొంచెం తిప్పితే వచ్చే చప్పుడులానా?"

నేను తల ఎత్తి డాక్టరు వైపు చూశాను. ఇవి నేను ఫోన్లో అడిగే ప్రశ్నలే. మా ఆయన మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టు కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ పోలికలు జనం చెప్పేవాళ్ళు, నేను వినేదాన్ని, సామాను ఆయన పట్టుకెళ్ళేవాడు. తనే ఓ పోలిక చెప్పాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ పడలేదు. పక్కనించి నేను అందిద్దామంటే నాకు వినపడితే కదా.

"అన్నిట్లానూ ఉంటుందండి, దేనిలానూ ఉండదు" అన్నాడు చివరికి.

అది బయటి శబ్దం కాదని డాక్టరు చెప్పాడు. చెవి లోపలి సన్నటి భాగాలు దెబ్బతింటే, రావలసిన శబ్దం రాక, ఒక్కోసారి మెదడే తనంతట తాను మోత పుట్టిస్తుందట. ఏళ్ళ తరబడి మోటార్లకి చెవి ఆనించడం వల్ల కావచ్చట. దీన్ని ఆపే మందు లేదన్నాడు. నిద్ర పట్టడానికి బిళ్ళలు రాసిచ్చి, "ఇంట్లో గోడ గడియారం చప్పుడు మనకి వినపడుతుందా చెప్పండి? ఇదీ అలాగే అలవాటైపోతుంది" అన్నాడు.

మెట్లు దిగుతూ మా ఆయన మధ్యలో ఆగిపోయాడు. "గడియారం గోడ మీద ఉంటుంది" అన్నాడు. "బ్యాటరీ తీసెయ్యొచ్చు."

ఆ సంగతి తెలిసి మా ఆడపడుచు చూడటానికి వచ్చింది. మంచి మనసే, కాదనను. కానీ ఆవిడకి ఎవరి కష్టాన్నైనా ఇంకో కష్టం పక్కన నిలబెట్టి ఎత్తు కొలవందే తోచదు. "మీ బావగారి మోకాలు చూడు తమ్ముడూ, దాంతో పోలిస్తే ఇదేపాటి? ఆయన మెట్లెక్కితే ఎముకలు పటపటలాడతాయి. మా వీధిలో ఒకాయనకి రెండు కళ్ళూ పోయాయి. నీకు కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి" అని వరసపెట్టింది. ఆయన వింటూ తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ వీధిలో ఎవరికో కళ్ళు పోతే మా ఆయన చెవిలో మోత తగ్గుతుందా? పోలిక చీకట్లో ఉన్నవాడికి దీపం పట్టుకోవడానికి. ఈవిడ దాంతో దీపం మీద మూకుడు బోర్లిస్తోంది.

"వదినగారూ, అన్నయ్యగారి మోకాలికి రేపట్నించి మా ఆయన చెవి చూపించి ధైర్యం చెప్పండి" అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుని టీ కూడా తాగకుండా వెళ్ళింది. మా ఆయన నన్ను ఏమీ అనలేదు. మెచ్చుకోనూ లేదు. అసలు మేం మాట్లాడుకున్నది ఆయన చెవిన పడిందో లేదో నాకు అనుమానమే.

పని దగ్గర కూడా దెబ్బ తగిలింది. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనిస్తే ముందుగా వినపడేది ఆ కూతేనట, దాని వెనక మోటారు ఎక్కడో గొణుగుతుందట. ఓ ఇంట్లో మెషీనుకి బెల్టు మార్చి వచ్చాడు. పోయింది బేరింగు. ఆ ఇంటావిడ ఫోన్ చేసి "విమానంలా ఉందని చెప్పాను కదమ్మా, నా మాట మీకు అర్థం కాలేదా" అంది. నాకు అర్థమైంది, బేరింగ్ అనే రాసిచ్చాను. నా కాగితం జేబులోనే ఉంచుకుని ఆయన తన చెవినే నమ్మాడు. అంతకుముందు వరకూ నమ్మదగిన చెవే అది. ఆ తర్వాత ఇళ్ళకి వెళ్ళడం మానుకున్నాడు. షాపులోనే కూర్చుని వైర్లు అతకడం, స్విచ్చులు మార్చడం లాంటి కళ్ళతో చేసే పనులు పెట్టుకున్నాడు. మాటలు తగ్గిపోయాయి. నేను ఒక మాటంటే ఆ మాటని ఎక్కణ్ణించో వెతికి పట్టుకున్నాక జవాబు చెప్పేవాడు.

ఓ రోజు షాపు కట్టేస్తుంటే ఆయనే అన్నాడు, "నువ్వొక్కసారి వింటే చాలు."

"ఏంటి?"

"ఇది. నువ్వు వింటే నాకు పిచ్చెక్కిందని అనుకోకుండా ఉంటావు."

"నేనెప్పుడన్నానండీ అలాగని?"

"అనలేదు. చూస్తున్నావు."

నిజంగా అలా చూశానో లేదో నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషికి రాత్రీ పగలూ ఏదో వినపడుతోంది, నాకు వినపడటం లేదు. అలాంటప్పుడు నేను ఎలా చూసినా ఆయనకి అలాగే కనిపిస్తుంది. ఆయన మోతని ఆపలేనని డాక్టరు చెప్పాడు. కనీసం అదేమిటో తెలుసుకుందామనుకున్నాను. నాకు చేతనైన విద్య అదొక్కటే.

ఆ రోజునించీ దొరికినదల్లా మోగించి చూశాను. టీ గిన్నె మూత కింద ఆవిరి కూత వినిపించి "ఇలా ఉందా?" అని అడిగాను. కాదు, అది లావు అన్నాడు. తడి వేలితో గాజుగ్లాసు అంచు రుద్దాను. అది తియ్యగా ఉంది, ఇది కాదు అన్నాడు. ఇనప జల్లెడ మీద మేకు గీశాను. పళ్ళు జివ్వుమన్నాయి తప్ప అదీ కాదు.

"పోనీ చెవిలో జోరీగ అంటారు కదా, అలానా?" అన్నాను.

"జోరీగ నయం. ఎగిరిపోతుంది" అన్నాడు.

ఆయన చెప్పేదానికీ నేను మోగించేదానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. కొన్నాళ్ళకి ఆయనకే నా మీద జాలేసినట్టుంది. "దగ్గరగానే ఉందిలే" అనడం మొదలుపెట్టాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఫోన్లో జనం కూడా అంతే, నేను మరీ గుచ్చి గుచ్చి అడిగితే చివరికి "ఆఁ, అలాగేనమ్మా" అని నేను చెప్పినదానికే తలూపేస్తారు. అలాంటి పోలిక పట్టుకుని వెళ్తే సామాను తప్పుతుంది.

ఓ సాయంత్రం బట్టల షాపతను కరెంటు పోతే వెలిగే చార్జింగ్ లైటు ఒకటి తెచ్చి ఇచ్చాడు. చార్జింగ్ పెడితే కూస్తోందట. మా ఆయన టీ తేవడానికి వెళ్ళాడు. బల్ల నిండా సామాను విప్పి ఉంది. పక్కనే మూత తీసిన వాషింగ్ మెషీను ఉంటే, ఆ లైటుని దాని స్టీలు డ్రమ్ములో పెట్టి, వైరు బయటికి లాగి స్విచ్చు వేశాను. సన్నటి కూత మొదలైంది. డ్రమ్ము లోపల చుట్టూ తిరిగి ఏ పక్కనించి వస్తోందో తెలియకుండా నిండిపోయింది. లైటు చూసుకుని ఆపేద్దామని చెయ్యి చాపాను.

"ఆపకు."

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులున్నాయి. వచ్చి ఒకటి బల్ల మీద పెట్టాడు, రెండోది పెట్టడం మర్చిపోయి చేత్తోనే పట్టుకుని డ్రమ్ములోకి తల వంచాడు. కొంతసేపటికి పైకి లేచాడు.

"ఇదే" అన్నాడు.

"ఇదే అంటే? ఇలా ఉంటుందనా?"

"ఇలా కాదు. ఇదే."

నేను జుట్టు ముడి బిగించుకుని డ్రమ్ములోకి తల పెట్టాను. మొదట ఏమంత అనిపించలేదు. ఇంతేనా అనుకున్నాను కూడా. తర్వాత అది కళ్ళ వెనక్కి వచ్చింది. తల అటు తిప్పినా ఇటు తిప్పినా తగ్గలేదు, పెరగలేదు. రేపు చేయాల్సిన పనులు గుర్తు చేసుకుందామని చూశాను. ఒక పని తలుచుకునేలోపు దాన్ని తొక్కుకుంటూ ఆ కూత వెళ్ళిపోతోంది. తల బయటికి తీయాలనిపించింది. నా వీపు మీద ఆయన చెయ్యి పడింది. నొక్కడం లేదు, ఊరికే ఉంచాడు.

"ఇంకాసేపు ఉండు" అన్నాడు.

ఉన్నాను. "నిద్రలో కూడానా?" అని లోపల్నించే అడిగాను.

"కళ్ళు తెరిచేసరికి సిద్ధంగా ఉంటుంది."

"నేను మాట్లాడుతున్నప్పుడు?"

"నీ మాట వెనకాలే ఉంటుంది."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి దీని అవతలి నించి నాకు జవాబులు చెబుతూ వచ్చాడు. నేను రెండోసారి పిలిచినప్పుడు విసుక్కున్నది కూడా ఇది దాటుకునే ఆయనకి చేరింది. తల బయటికి తీసి మొహం కొంగుతో తుడుచుకున్నాను. ఆయన నా మొహంలోకి ఆత్రంగా చూస్తున్నాడు.

"తెలిసిందా?"

"తెలిసిందండీ."

"అదీ సంగతి" అన్నాడు. ఎన్నాళ్ళకో మొహం విప్పారింది. "గెలిచావు" అన్నాడు. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. దొరికింది. ప్రపంచంలో ఇద్దరం వింటున్న ఒకే మోత అది. ఆ సంతోషంలో, ఏ మెషీనునైనా చూడటం అయిపోగానే చేసే పనే చేశాను. చెయ్యి దానంతట అదే స్విచ్చు మీదికి వెళ్ళింది.

ఆగిపోయింది. నా భుజాలు కిందికి దిగాయి. గుండెల్లోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది. ఆ ఊపిరి వదలడం ఆయన చూశాడు.

ఆయన స్విచ్చు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. గబుక్కున మళ్ళీ స్విచ్చు వేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. నీకెందుకు" అన్నాడు. కోపమేమీ లేదు. "నీకు ఆగిపోయింది కదా?" అని అడిగాడు.

"ఆఁ."

"ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటండీ. ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే ఎలా ఉంటుంది? నాకు గుర్తుకి రావట్లేదే. ఎంత ప్రయత్నించినా రావట్లేదు. దేనిలా ఉంటుందో చెప్పు."

కరెంటు పోయిన వీధిలా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ వీధిలోనే కదా ఇది తన చెవిలోనే ఉందని ఆయనకి బయటపడింది. వాన వెలిశాక పెరడులా అందామనుకున్నాను. ఆ పెరట్లోనూ ఆయనకి ఇదే వినపడుతుంది. తలుపేసిన గది, అందరూ వెళ్ళిపోయిన షాపు, నిద్రపోతున్న పాపాయి మొహం, ఏది పట్టుకున్నా అందులో ముందే ఆ కూత ఉంది. పోలిక చెప్పాలంటే ఇద్దరి దగ్గరా ఉన్న వస్తువు ఒక్కటైనా కావాలి. నా దగ్గరున్నవేవీ ఇప్పుడు ఆయన దగ్గర లేవు.

"నీకు అన్నిటికీ వస్తాయి కదా" అన్నాడు. "ఏదో ఒకటి చెప్పు. కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు."

నోరు తెరిచాను. ఆయన చేతిలోని టీ గ్లాసు మెల్లగా బల్ల మీద పెట్టి, కాస్త నయంగా వినపడే కుడి చెవి నా వైపు తిప్పి, నేను చెప్తానని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.